ఓకూ కొండల ఎర్ర ఈక

ఆఫ్రికాలో కామెరూన్ అనే దేశం ఉంది. దాని వాయవ్య మూలన, బమెండా పట్టణం చుట్టూ, ఎత్తైన కొండసీమ. ఆ సీమలో కోమ్, ఓకూ, న్సో వంటి చిన్న చిన్న రాజ్యాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటికి రాజులున్నారు, ఆ రాజులకు కొలువులున్నాయి. అక్కడ ఒక మనిషి గౌరవం పొందాడని చెప్పడానికి గుర్తు ఒక ఎర్రటి ఈక. టోపీలో నిటారుగా గుచ్చుకునే ఆ ఈక ఎవరు పడితే వాళ్లు పెట్టుకునేది కాదు. ఆ ఎర్ర ఈకను ఇచ్చే పక్షులు టురాకోలు. వాటిలో ఈ కొండల సొంత పక్షి బానర్‌మన్ టురాకో. ప్రపంచంలో ఇంకెక్కడికి వెళ్లినా అది దొరకదు. అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో దాని పేరు ఉంది. ఇంత చెప్పగానే మనలో చాలామందికి తట్టే మాట ఒకటుంది: ఈకల కోసం చంపుకుంటూ పోతే పక్షి మిగులుతుందా, ముందు ఆ ఆచారాన్ని మాన్పించాలి కదా అని. వినడానికి సబబుగానే ఉన్న ఈ మాట తప్పని ఈ రోజు నా వాదం. ఆ పక్షి ఇవాళ్టిదాకా బతికి ఉండడంలో ఆ ఈకకు విలువ ఇచ్చే మనుషుల పాలు పెద్దదని, ముందు ముందు బతకాలన్నా వాళ్ల చేతిలో అధికారం ఉండాలని అంటాను.

ముందు పక్షిని కొంచెం దగ్గరగా చూద్దాం. ముక్కు నుంచి తోక చివరిదాకా మూరెడు ఉంటుంది. ఒళ్లంతా ఆకుపచ్చ, చెంపలు బూడిద రంగు, నెత్తిన ఎర్రటి తురాయి. కొమ్మ మీద కూర్చున్నంతసేపూ ఆకుల్లో ఆకుగా కలిసిపోతుంది. గొంతు విప్పితే మాత్రం లోయ అవతలికి వినిపిస్తుంది. ఎగరడంలో పెద్ద నేర్పరి కాదు. కొమ్మల మీద పరుగులు తీయడం, గెంతడం దాని విద్య. కాలి బయటి వేలిని ముందుకూ వెనక్కూ తిప్పగలదు కాబట్టి పట్టు జారదు. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు దాటడానికి రెక్కలు విప్పినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. రెక్క ఈకలు నిప్పులాంటి ఎరుపు. రెక్క ముడవగానే ఆ ఎరుపు మళ్లీ పచ్చదనం కిందికి వెళ్లిపోతుంది.

ఈ ఎరుపు సంగతి మామూలుది కాదు, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగాలి. మన పాలపిట్ట రెక్కలో నీలం ఉంది కదా. ఆ ఈకను నూరి పొడి చేస్తే నీలం మాయమవుతుంది. అందులో నీలిరంగు పదార్థమేదీ లేదు. ఈక లోపలి అతి సన్నని గాలి గదులు వెలుతురును చెదరగొట్టి మన కంటికి నీలాన్ని చూపిస్తాయి, అంతే. రామచిలుక పచ్చదనంలో కూడా సగం ఈ వెలుతురు ఆటే, మిగతా సగం పసుపు రంగు పదార్థం. టురాకో దగ్గర ఇలాంటి కంటిమాయ లేదు. దాని ఎర్ర ఈకను సబ్బు నీళ్లలాంటి పలచని క్షారంలో నానబెడితే నీళ్లు ఎర్రబడతాయి, ఈక వెలవెలబోతుంది. 1869లో ఆర్థర్ హెర్బర్ట్ చర్చ్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త ఆ రంగును విడదీసి పరీక్షించి, అందులో రాగి ఉందని తేల్చాడు. దానికి టురాసిన్ అని పేరు పెట్టాడు. ఈకను కాలిస్తే మంట పచ్చగా వస్తుంది, అది రాగి ఉన్నదనడానికి గుర్తు. ఆ రంగు పదార్థం బరువులో సుమారు 7 శాతం రాగే. మన నెత్తురుకు ఎరుపు ఇచ్చే హీమ్, ఆకుకు పచ్చదనం ఇచ్చే క్లోరోఫిల్, ఈ టురాసిన్, మూడూ ఒకే వంశపు అణువులు. నడిమధ్యన నెత్తురులో ఇనుము కూర్చుంటుంది, ఆకులో మెగ్నీషియం, ఈ ఈకలో రాగి. పక్షి ఒంటి మీది పచ్చదనం కూడా నిజమైన రంగు పదార్థమే. దాన్ని టురాకోవర్డిన్ అంటారు, అందులోనూ రాగి ఉంది. పక్షుల లోకంలో అసలైన ఆకుపచ్చ రంగు పదార్థం దొరకడం బహు అరుదు. ఈ ఎరుపు వానకు కరిగి కారిపోతుందని ఒక పాత కథ ప్రచారంలో ఉంది. వానకు కరిగేదే అయితే ఏడాదిలో సగానికి పైగా తడిసే ఆ కొండల మీద ఒక్క ఎర్ర ఈకా మిగిలేది కాదు.

రసాయన శాస్త్రం ఇంతసేపు ఎందుకంటారా? ఆ రాగి పక్షికి వేరే చోటు నుంచి రాదు. అడవిలో అది తినే పండ్లు, మొగ్గలు, చిగుళ్ల నుంచి చుక్క చుక్కగా ఒంట్లో చేరాలి. ఇదే కుటుంబంలో పొడినేలల్లో, ముళ్లచెట్ల మైదానాల్లో బతికే పక్షులు కొన్ని ఉన్నాయి. అవి బూడిద రంగులో ఉంటాయి, వాటికి ఈ ఎరుపూ లేదు, ఈ పచ్చా లేదు. ఈ సింగారం ఎక్కువగా తడి అడవుల్లో బతికే వాటిదే. దీన్ని బట్టి రాగికీ అడవికీ లెక్క కట్టినట్టు సంబంధం చెప్పలేం గానీ, ఈ రంగు అడవి జీవితంతో ముడిపడిన రంగు అనడంలో తప్పు లేదు. రాజు చేతి ఎర్ర ఈకకు విలువ అడవి ఉన్నంతకాలమే. ఈ సంగతి ఆ కొండల పెద్దలకు రసాయన శాస్త్రం చదవకుండానే తెలుసు. నా వాదానికి పునాది ఇదే.

ఇక అడవి సంగతి. గినియా సింధుశాఖలోని దీవుల నుంచి మొదలై కామెరూన్ లోపలికి ఒక అగ్నిపర్వతాల వరుస సాగుతుంది. ఆ వరుసలోదే ఓకూ పర్వతం, ఎత్తు సుమారు 3,011 మీటర్లు. దాని ఒడిలో ఒకప్పటి అగ్నిపర్వత ముఖం నీళ్లతో నిండి ఓకూ సరస్సుగా మారింది. ఆ సరస్సులో ఉండే ఒక రకం కప్ప లోకంలో మరెక్కడా లేదు. పర్వతం మీద అడవి చల్లగా, పొగమంచుతో, కొమ్మల నిండా నాచుతో ఉంటుంది. కింద లోయలు వేడి, గడ్డి, పొలాలు. ఎగరడం అంతంత మాత్రమైన టురాకోకు ఆ లోయ దాటి ఇంకో పర్వతానికి పోవడం మాటలు కాదు. అందుకే ఈ కొండ అడవులు నేల మీది దీవులు. యుగాల తరబడి విడిగా ఉండిపోయి ఇక్కడి పక్షి తనదైన జాతిగా తయారైంది. దీన్ని శాస్త్ర లోకానికి 1923లో జార్జ్ లాటిమర్ బేట్స్ వర్ణించి చెప్పాడు. పశ్చిమ ఆఫ్రికా పక్షుల మీద ఎనిమిది సంపుటాలు రాసిన డేవిడ్ బానర్‌మన్ పేరు దానికి పెట్టాడు. అప్పటికే ఆ ఈకను తలమీద పెట్టుకుంటున్న రాజుల పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు, అది వేరే విషయం.

మరి అడవి ఎందుకు తరిగింది? అగ్నిపర్వతపు నేల బంగారంలాంటి నేల. మొక్కజొన్న, చిక్కుళ్లు, ఆలుగడ్డలు ఏది వేసినా పండుతుంది. కాబట్టి ఆ కొండసీమలో జనం కిక్కిరిసి ఉంటారు. గత శతాబ్దం నడుమ నుంచి పొలం కింది నుంచి పైకి ఎక్కుతూ పోయింది, అడవి పైకి జరుగుతూ పోయింది. ఎండాకాలంలో పశువుల మేత కోసం గడ్డికి పెట్టే నిప్పు అడవి అంచుకు పాకింది. మేకలు, గొర్రెలు అడవి లోపల తిరిగి మొలకలు కొరికేశాయి. పెద్ద చెట్టు నిలబడే ఉంటుంది గానీ దాని కింద పిల్ల చెట్టు లేదు. చూసేవాళ్లకు అడవి ఉన్నట్టే కనిపిస్తుంది, లోలోపల ముసలిదైపోతుంది. వీటికి తోడు మందుల వ్యాపారం. ప్రూనస్ ఆఫ్రికానా అనే చెట్టు బెరడు నుంచి తీసిన సారం, మగవాళ్లకు పెద్ద వయసులో వచ్చే ప్రోస్టేట్ వాపుకు ఐరోపాలో మందుగా అమ్ముడుపోతుంది. చెట్టుకు రెండు పక్కలా కొంత బెరడు వదిలి తీస్తే చెట్టు బతుకుతుంది. చుట్టూరా ఒలిస్తే చస్తుంది. చుట్టూరా ఒలిచినవాళ్లే ఎక్కువయ్యారు. చివరికి 1990ల నడుమ ఆ చెట్టును అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ పట్టికలో చేర్చాల్సి వచ్చింది. పొలం, నిప్పు, మేక, బెరడు వ్యాపారం: ఈ నాలుగింటి ముందు టోపీలో ఈక ఏపాటి?

1987లో అంతర్జాతీయ పక్షి సంరక్షణ మండలి, అంటే తర్వాత బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్‌గా మారిన సంస్థ, ఓకూ పర్వతం మీద పని మొదలుపెట్టింది. పర్వతం ఒక వైపు కిలుమ్, ఇంకో వైపు ఇజిమ్. రెండూ కలిపి మిగిలిన అడవి సుమారు 20,000 హెక్టార్లు. పశ్చిమ ఆఫ్రికాలో ఈ రకం కొండ అడవి ఇంత పెద్దగా మిగిలింది ఇక్కడే. ఆ సంస్థ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది సరిహద్దు. అడవి ఎక్కడ మొదలవుతుందో, పొలం ఎక్కడ ఆగాలో ఊళ్లవాళ్లతో, రాజులతో కూర్చుని మాట్లాడి, గుర్తులు పెట్టి ఖాయం చేశారు. అక్కడ రాజును సైతం అదుపులో ఉంచే పెద్దల సభ ఒకటుంది, దాన్ని క్వీఫోన్ అంటారు. ఒక చోట కోతలు, వేట నిషిద్ధమని ఆ సభ కట్టడి చేస్తే దాటే ధైర్యం ఊరిలో ఎవరికీ ఉండదు. అటవీశాఖ బోర్డుకు లేని పట్టు ఆ కట్టడికి ఉంది. 1994లో కామెరూన్ అటవీ చట్టం ఊరి అడవులకు చోటు కల్పించింది. ఒక్కో ఊరు గానీ కొన్ని ఊళ్లు కలిసి గానీ 5,000 హెక్టార్ల వరకు అడవిని ప్రభుత్వంతో ఒప్పందం మీద తామే నిర్వహించుకునే వీలు వచ్చింది. ఎండు కట్టెలు, తేనె, మందు మొక్కలు తీసుకోవచ్చు. నరికి పొలం చేయడం, నిప్పు పెట్టడం, మేకలు తోలడం కుదరదు. ఫలితం? పనికి ముందరి మూడు దశాబ్దాల్లో అడవి సగానికి పైగా పోయింది. 1988 తర్వాతి ఉపగ్రహ చిత్రాలను పాతవాటితో పోల్చి చూస్తే తరుగుదల ఆగడమే కాదు, 2001 నాటికి అడవి కొంత తిరిగి పెరిగింది. జనసాంద్రత తగ్గలేదు, పేదరికం పోలేదు, ఈకలు పెట్టుకోవడం ఎవరూ మానలేదు. మారింది ఒక్కటే, అడవి మీద మాట చెల్లే హక్కు ఎవరిదన్నది.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. మొదటిది, ఈకది. ఈక కావాలంటే పక్షి చావాలి కదా, జాతి అరుదైపోయినప్పుడు ఒక్క పక్షి పోయినా నష్టమే కదా అంటారు. న్యాయమైన మాటే, తేలిగ్గా తోసేయలేం. పక్షి ఏటా ఈకలు రాలుస్తుంది, ఏరుకోవచ్చు అన్నది నిజమే అయినా అందరూ ఏరుకునే వచ్చారని నేను అనను. కానీ గౌరవ చిహ్నం స్వభావం చూడండి. అది అందరి నెత్తినా కనిపిస్తే గౌరవం కాదు. కాబట్టి ఈకలు ఇచ్చే అధికారం ఉన్న పెద్దలే వాటిని అదుపులో పెడతారు, పెట్టాల్సిన అవసరం వాళ్లకే ఉంది. ఆఫ్రికా దక్షిణ భాగాన ఎస్వాతినీ దేశంలో కూడా మరో జాతి టురాకో ఎర్ర ఈకలు రాజకుటుంబానికి గుర్తు. అక్కడా ఆ విలువకు మూలం పరిమితే. ప్రమాదం ఎక్కడొస్తుందంటే, ఈక కొలువు దాటి అంగట్లోకి వచ్చినప్పుడు, పర్యాటకుడికి అమ్మే టోపీ మీదికి చేరినప్పుడు. అప్పుడు ఆపాల్సింది అంగడిని. కొలువును కొట్టిపారేస్తే ఆ ఈకకు యజమాని ఎవరూ మిగలరు, దాని కోసం అడవిని కాపాడాలనే పట్టుదల కూడా పోతుంది. నిషేధం వేసి పోలీసును పెడితే చాలు అనుకునేవాళ్లు, కంచే చేను మేసిన సందర్భాలు ఆఫ్రికాలోనే కాదు, అన్ని ఖండాల్లోనూ ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోవాలి.

రెండో అభ్యంతరం కడుపుకు సంబంధించింది. పిల్లల నోటికి ముద్ద అందని చోట పక్షి పేరు చెప్పి పొలాన్ని ఆపడం ధర్మమా? ఈ ప్రశ్న అడిగేవాళ్లను నేను గౌరవిస్తాను. దీనికి నీతిపాఠం జవాబు కాదు, లెక్కే జవాబు. కింది ఊళ్లకు తాగునీరు, సాగునీరు వచ్చేది ఆ అడవిలో పుట్టే వాగుల నుంచి. పై వాలు బోసిపోతే నాలుగు పంటల పాటు కొత్త పొలం దక్కుతుంది, ఆ తర్వాత మట్టి జారి కింది పాత పొలం కూడా చెడుతుంది. ఇంకా ఓకూ తెల్ల తేనె ఉంది. గడ్డకట్టి వెన్నలా తెల్లగా ఉండే ఆ తేనెను తేనెటీగలు కొండ అడవిలోని కొన్ని చెట్ల పూల నుంచే కూడబెడతాయి. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, మన బంగినపల్లి మామిడికి వచ్చిన లాంటిదే. అడవి చెట్లు కొత్త చోట్ల మొలవాలంటే గింజ దూరం పోయి పడాలి. పండు మింగి గింజను ఇంకో చోట విడిచే పక్షులు ఆ పని చేస్తాయి, వాటిలో టురాకోది పెద్ద చెయ్యి. పక్షి, తేనె, నీళ్లు ఒకే ఖాతాలోవి. పేదవాడి అడవిని నరకడం పేదవాడికి మేలని చెప్పేవాళ్లు సాధారణంగా ఆ కొండ మీద ఉండరు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. బయటి డబ్బుతో నడిచిన పథకం 2004లో ముగిసింది. తర్వాత నిప్పు, మేకలు, ఆక్రమణ మళ్లీ తలెత్తాయి. 2016 చివర్లో మొదలైన ఇంగ్లీషు మాట్లాడే ప్రాంతాల గొడవ సాయుధ పోరుగా మారి, సరిగ్గా ఈ వాయవ్య ప్రాంతాన్నే చుట్టుముట్టింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి, అడవిని చూసుకునే ఊరి కమిటీలు చెదిరాయి. మరి ఊరివాళ్ల పాలన గొప్పదైతే నిలబడాలి కదా? నా జవాబు ఇది: యుద్ధం వచ్చిన చోట ఏ పద్ధతి నిలబడడమైనా కష్టమే, ప్రభుత్వ అభయారణ్యాలకూ అంతే. తుపాకుల మధ్య కమిటీ పనిచేయలేదని కమిటీని తప్పు పట్టడం అన్యాయం. కానీ 2004 తర్వాతి సంగతి వేరు, దాన్ని దాచకూడదు. ఊరికి హక్కు కాగితం మీద ఇచ్చారు గానీ, ఆ హక్కును నడిపే ఖర్చు ఎవరు పెడతారో తేల్చలేదు. మంట పాకకుండా నిప్పు గీతలు తవ్వాలి, మేకల వాళ్లతో పంచాయతీ తీర్చాలి, తప్పుచేసినవాడికి జరిమానా వేస్తే దాన్ని అధికారి ఒప్పుకోవాలి. ఇవన్నీ పని, పనికి కూలి ఉండాలి. ఆ కూలి ఆగిపోయినా అడవి ఇంకా మిగిలి ఉందంటే, ఆ మిగులు కూడా ఊరివాళ్లదే.

బోన్లలో పెంచి కాపాడొచ్చు కదా అనేవాళ్లకు ఒక్క మాట. టురాకోల్లో కొన్ని జాతులు జంతుప్రదర్శనశాలల్లో పిల్లల్ని పెంచుతున్నాయి, నిజమే. అక్కడ పుట్టిన పక్షి ఓకూ వాలు మీద ఒక్క గింజా నాటదు.

ఈ పక్షులు మొత్తం కొన్ని వేలకు మించవు. వాటిలో ఎక్కువ భాగం ఆ 20,000 హెక్టార్ల అడవిలోనే ఉన్నాయి. ఆ సీమలో శాంతి వచ్చిన రోజున దాతలూ ప్రభుత్వమూ ఏం చేయాలన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. మొదటి రూపాయి కొత్త కంచెకూ కొత్త కాపలాదారుకూ పోకూడదు. చెరిగిపోయిన సరిహద్దు గుర్తులను మళ్లీ పాతడానికి, నిప్పు గీతలు తవ్వే చేతులకు కూలి ఇవ్వడానికి, ఊరి కమిటీ వేసిన జరిమానాకు చట్టం అండగా నిలవడానికి పోవాలి. ఈక ఎవరు పెట్టుకోవాలన్న సంగతి ఆ రాజులకూ క్వీఫోన్‌కూ వదిలేయాలి.